రెండు పూటల ఇల్లు

నమోదు 1

ఈ ఉదయం బయల్దేరబోతూ చూశాను. చెప్పుల అరలో ఆవిడ చెప్పు ఒకటి రెండోదాని మీద ఎక్కి ఉంది. ఊలుతో అల్లిన ఇంటి చెప్పులవి. ముందువైపు ఎర్ర దారంతో కుట్టిన పువ్వు ఉంటుంది. రోజూ రెండూ పక్కపక్కనే, గోడకు ఆనించి ఉంటాయి. మా అమ్మమ్మ చూసి ఉంటే ఆ మనిషికి ప్రయాణం ఉందనేది. నేను వంగి పైదాన్ని తీసి పక్కన పెట్టాను. ముట్టుకోకుండా ఉండాల్సిందేమోనని తర్వాత అనిపించింది.

ఆవిడ ఎవరో నాకు తెలియదు. మేం ఒకే ఇంట్లో ఉంటాం.

మొదటి పూట ఇల్లు మాది. వండుకుంటాం, తింటాం, పడుకుంటాం. లేచి మా దుప్పట్లు, మా గిన్నెలు, మా దువ్వెన మా బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాం. గంట మోగితే పనికి బయల్దేరుతాం. అప్పుడు రెండో పూట వాళ్ళు పని నుంచి వస్తారు, ఇల్లు వాళ్ళదవుతుంది. దిగేవాళ్ళకు ఒక మెట్ల దారి, ఎక్కేవాళ్ళకు ఒకటి. ఉత్తరాన ఉన్న ఈ ఓర్వెన్ నగరంలో ఒకరికొకరు ఎదురుపడకుండా ఇల్లు మారుతుంది. తిరిగొచ్చేసరికి ఒక్కోసారి పరుపు ఇంకా వెచ్చగా ఉంటుంది. మా ఆయన వంశీ ముఖం చిట్లించి, తన వైపు దుప్పటి రెండు మడతలు వేసుకుంటాడు.

ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు రోజూ కాసేపు గోడతో మాట్లాడాలి. ఎలా ఉన్నారు, ఏం తిన్నారు, నిద్ర పట్టిందా, అంతే. వంటగది గోడలో చిన్న జల్లెడలాంటిది ఉంది. అది వింటుంది. ఇన్నాళ్ళూ ఇద్దరి తరఫునా వంశీయే చెప్పేవాడు. "మేం బాగున్నాం. హైమ కూడా బాగుంది." నిన్న గోడ ఒప్పుకోలేదు. ఎవరిది వాళ్ళే చెప్పాలట. జల్లెడ ముందు నిలబడితే నాకు గొంతు పెగల్లేదు. రాసి ఇవ్వవచ్చా అని వంశీ అడిగాడు. ఇవ్వవచ్చంది. అందుకని రాస్తున్నాను. ఎవరు చదువుతారో తెలియదు.

నేను బాగున్నాను. చారు, అన్నం తిన్నాను. నిద్ర పట్టింది.


నమోదు 2

ఇక్కడ సంతకాలు లేవు. కౌంటర్ ముందు నిలబడి నోటితో చెబితే అదే చెల్లుతుంది. కౌంటర్ అంటే నిలువెత్తు అద్దం. ఎవరి భాషలో వాళ్ళతో పలుకుతుంది.

మేం దిగిన రోజు అద్దం నన్ను అడిగింది. "మీ మాట మీరే చెప్పుకుంటారా, ఇంకెవరికైనా ఇస్తారా?"

వెనక పెద్ద వరుస ఉంది. అందరూ ఊలు కోట్లలో, ప్రయాణపు బడలికతో, నా వీపు వంకే చూస్తున్నట్టనిపించింది. నేను వంశీ వైపు వేలు చూపించాను.

"చూపిస్తే చాలదు. చెప్పాలి."

"ఇతనికే," అన్నాను.

బయటికొచ్చాక వంశీ నవ్వాడు. "ఈ ఊళ్ళో నువ్వు నోరు విప్పి అన్న మొదటి మాట నేనే, చూశావా?" అని నా చేతి తొడుగు తీసి, చెయ్యి తన కోటు జేబులో పెట్టుకున్నాడు. నాకు చాలా హాయిగా అనిపించింది. మా ఊళ్ళో ఉండగా కూడా అంతే. బస్సు టికెట్టు దగ్గర నుంచి డాక్టరు దాకా అతనే మాట్లాడేవాడు. ఏలూరులో ఎండలకు పగలు బయటికి రావడం మానేసిన ఏళ్ళలో మా పెళ్ళయింది. కిటికీలు మూసిన గదిలో అతను మాట్లాడుతూ ఉంటే నేను వింటూ ఉండేదాన్ని. నాకు అది చాలనిపించేది.

ఇప్పుడు ఇక్కడ సూర్యుడు అస్తమించని కాలం. కిటికీకి ఇనుప రెక్కలు దించి పడుకుంటాం. ఏలూరులో వేడి రాకుండా మూసేవాళ్ళం, ఇక్కడ వెలుతురు రాకుండా.


నమోదు 3

ఆవిడ తెలుగావిడని నాకెలా తెలిసిందో రాస్తాను.

వచ్చిన కొత్తలో దోసెల పిండి రుబ్బాను. ఇక్కడి చలికి అది పులవదు. ఏదీ బయట వదలకూడదన్నది నియమం. అయినా భయపడుతూనే గిన్నెను వేడి గొట్టం పక్కన పెట్టి, మూత మీద పళ్ళెం బోర్లించి, పనికి పోయాను. రోజంతా పొట్లాల మీద అక్షరాలు కనిపించలేదు నాకు.

నా పని విత్తనాల గదిలో. మన వైపు రైతులు ఎప్పుడో కాగితం పొట్లాల్లో కట్టి పంపిన విత్తనాలు అక్కడ మంచులో ఉన్నాయి. వాటి మీది చేతిరాత చదివి చెప్పడం నా పని. యంత్రాలు అచ్చు చదువుతాయి, ఆ కలిపిరాత చదవలేవు. "పచ్చజొన్న. మెట్ట చేను. మూడు వానలు ఎగ్గొట్టినా బతికింది." ఇలా ఉంటాయి. ఆ గదిలో ఎవరూ నాతో మాట్లాడరు. రాసినవాళ్ళే మాట్లాడతారు.

ఆ రోజు తిరిగొచ్చేసరికి గిన్నె నేను పెట్టిన చోట లేదు. గొట్టానికి ఇంకాస్త దగ్గరగా జరిపి, చుట్టూ ఎవరిదో పాత ఊలు శాలువా చుట్టి ఉంది. పిండి పొంగి మూతను ఎత్తింది. పక్కన చిన్న పళ్ళెంలో సర్వపిండి ముక్క ఉంది, నువ్వులు, పల్లీలు కనబడుతూ. మూకుడుకు అంటుకుని కాలిన అంచుతో సహా.

ఆ రోజు నుంచి పిండి ఇద్దరిదీ. నేను రుబ్బి పెట్టిపోతాను. ఆవిడ కాచి పెడుతుంది. సగం వాళ్ళకు, సగం మాకు. ఒక్క మాట కూడా అనుకోలేదు, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

"ఎవరి చెయ్యి పడిందో ఆ గిన్నెలో," అంటాడు వంశీ.

"బాగా పులిసింది కదా."

"పులిసిందిలే. కానీ ఇదీ ఒక కాపురమేనా హైమా? సత్రంలో ఉన్నట్టుంది."

అన్నాడు గానీ నాలుగు దోసెలు తిన్నాడు.


నమోదు 4

సెలవు రోజు గాజు తోటకు వెళ్ళాం. లోపల ఒక్క మామిడి చెట్టు ఉంది. దాని చుట్టూ బెంచీలు వేశారు. జనం కోట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటారు. వంశీ ఆలస్యంగా వచ్చాడు. ఇంటి వేడి కాస్త పెంచమని చెప్పడానికి కౌంటర్‌కి వెళ్ళానన్నాడు. అక్కడ వరుస పొడుగ్గా ఉందన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

నేను ఆ వారం చదివిన పొట్లం సంగతి చెప్పాను. "కొర్ర. మా మేనత్త ఇచ్చింది. నన్ను అడక్కుండా ఎవరికీ ఇవ్వొద్దు," అని ఉంది దాని మీద, చివర ఒక బొటనవేలి గుర్తు.

"మరి ఆవిణ్ణి ఇప్పుడెలా అడుగుతారు?" అన్నాడు వంశీ.

ఇద్దరం నవ్వుకున్నాం. అతను నా భుజం మీద తల వాల్చాడు. "మనకంటూ ఒక ఇల్లు ఉంటే ఎలా ఉంటుంది? బీరువాకి తాళం వెయ్యక్కర్లేకుండా. నీ పుస్తకం తెరిచింది తెరిచినట్టే మంచం మీద వదిలేసి పోయేటట్టు."

"బాగుంటుంది," అన్నాను.

అంతే అన్నాను.


నమోదు 7

మధ్యలో రాయలేదు. గోడ రెండుసార్లు గుర్తు చేసింది.

వంశీ వచ్చి కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. ఆర్డరు వచ్చిందన్నాడు. నగరం వాళ్ళు మమ్మల్ని వారధి కుటుంబంగా తీసుకున్నారట. రెండు పూటల జనానికి ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పోతోందనీ, రెండు ఊళ్ళలా విడిపోతున్నారనీ, అందుకని కొన్ని ఇళ్ళలో భార్యను ఒక పూటలో, భర్తను ఒక పూటలో ఉంచుతారనీ చెప్పాడు. అతను రెండో పూటకు మారాలి. నేను మొదటి పూటలోనే ఉంటాను. ఇల్లు రెండు పూటలా మాదే అవుతుంది. ఆవిడా, వాళ్ళాయనా వేరే చోటికి పోతారు.

"మరి మనం ఎప్పుడు కలుస్తాం?"

"నెలకో రోజు ఇస్తారు."

నాకు లెక్క అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేను వచ్చేసరికి అతను పోతాడు. నేను పోయాక అతను వస్తాడు. పరుపు వెచ్చగా ఉంటే అది అతనిదని తెలుస్తుంది.

"వద్దని చెప్పలేమా?"

"ఆర్డరు హైమా. మనం కొత్తవాళ్ళం. వద్దంటే ఏమవుతుందో!"

అని ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అతను ఏడవగా నేను ఎన్నడూ చూడలేదు. నా సంగతి నేను మర్చిపోయాను. పక్కన కూర్చుని వీపు నిమిరాను. చింతపండు దాచుకున్నది కొద్దిగా ఉంటే పులుసు పెట్టాను. నా వంతు కూడా అతనికే వడ్డించాను. తిన్నాడు. తిని, "నువ్వు చాలా ధైర్యంగా ఉన్నావు," అన్నాడు.


నమోదు 8

ఆవిడ బీరువా తలుపు కొద్దిగా తెరిచి ఉంది. లోపల సగం ఖాళీ. పిండి గిన్నె నేను పెట్టిన చోటే, పెట్టినట్టే ఉంది. శాలువా లేదు. పిండి పులవలేదు.

ఆవిడకు నా మీద కోపం వచ్చిందని అర్థమైంది. వాళ్ళను వెళ్ళగొట్టింది మేమే అనుకుంటోంది కాబోలు. ఆర్డరని ఆవిడకు ఎవరు చెబుతారు? నేనే చెప్పాలి. పోతూ పోతూ ఒక మనిషి నన్ను అలా అనుకోవడం నాకు ఇష్టం లేదు.

రేపు గంట మోగాక పనికి పోను. ఎక్కే మెట్ల దగ్గర నిలబడతాను.


నమోదు 9

నిలబడ్డాను.

రెండో పూట జనం ఎక్కుతున్నారు. అందరూ నన్ను వింతగా చూశారు. నేను వాళ్ళ కాళ్ళ వంకే చూస్తున్నాను. బయటి బూట్లలో ఆవిణ్ణి ఎలా గుర్తుపట్టాలో తెలియలేదు. అప్పుడొక పొడుగాటి ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. భుజం మీద ఆ శాలువా ఉంది.

"అక్కా," అన్నాను. వినపడలేదేమో, దాటిపోయింది. శాలువా చెంగు పట్టుకున్నాను.

ఆవిడ తిరిగి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఎవలు? ఓ... దోసె పిండి పిల్లవా?"

తలూపాను.

"అవ్వ! గింత చిన్నగున్నవేంది? నీ దోసెలు తిని, ఎవలో పెద్దమనిషి అనుకున్న."

వెనక వస్తున్న ఆయన ఆగాడు. ఆవిడ భర్త, రాజేశం గారు. "నేను చెప్పలే? గిన్నె మీద మూత, మూత మీద పళ్ళెం. గట్ల పెట్టేటోళ్ళు భయస్తులే అయితరు."

"నువ్వూకో జర. ఏం బిడ్డా, పనికి పోలేదా? జొరమా?"

నేను అంతకుముందే మనసులో వాక్యాలు పేర్చుకుని ఉన్నాను. వాటిని వరుసగా చెప్పాను. మీరు వెళ్ళిపోవాల్సి వచ్చినందుకు నాకు చాలా బాధగా ఉంది, అందులో మా తప్పు లేదు, నగరం వాళ్ళు మా ఆయన్ని రెండో పూటకు మార్చారు, ఆర్డరు వచ్చింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆర్డరేంది?" అంది ఆవిడ. పేరు నర్సక్కట, జగిత్యాల వైపు. "వారధికి ఆర్డర్ ఎవలిస్తరే? ఎవలనీ మార్చరు. పోయి అడుక్కుంటేనే ఇస్తరు. మేం మూడుమాట్ల అడిగినం. ఇల్లంత మనదైతది, అందరి లెక్క ఏడేండ్లు ఆగకుండనే ఎప్పటికీ ఇక్కడ ఉండనిస్తరు అని ఈయన ఒకటే పోరు. మూడుమాట్లా లేదన్నరు, వయసు మీదవడ్డదని. మీకు అడగంగనే అయింది. అదృష్టమంటే మీదేనని, ఏడ్సుకుంట సర్దుకుంటున్న."

"మేం అడగలేదు," అన్నాను.

"నర్సూ, ఇగ ఊకో," అన్నాడు రాజేశం గారు మెల్లగా.

"ఊకునుడేంది? ఏం బిడ్డా, మొగడు పెండ్లాం ఇద్దరూ సరే అంటేనే అయితది అది. అద్దం కాడ నిలవడి ఇద్దరూ చెప్పాలె. నువ్వు చెప్పలేదా?"

శాలువా చెంగు వదిలేశాను.

"నీ మాట ఎవల దగ్గరున్నది?"

చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ తన చేతి తొడుగు తీసి, నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. ఆ వేళ్ళకు వాము వాసన వస్తోంది.

"మా నీళ్ళ ప్లాంటు కాడ అందరికెరికే," అన్నాడు రాజేశం గారు గోడ వంక చూస్తూ. "వచ్చే నెల నుంచి రెండో పూటకు సూపర్వైజర్ నీ మొగడేనట. ఆయనకు నౌకరి వస్తే పెండ్లాన్ని తీస్కొని ఈ ఊరొచ్చిండని చెప్పుకుంటరు. మంచి మాటకారి అంటరు. నీకు తెల్వదనుకోలే బిడ్డా, ఏమనుకోకు."

"మీరెక్కడికి పోతున్నారు?" అని అడిగాను. ఇంకేం అడగాలో తెలియక.

"పొడుగు గదికి," అంది నర్సక్క. "మంచాల వరుసలుంటయ్. ఆడోళ్ళకు ఒక దిక్కు, మొగోళ్ళకు ఒక దిక్కు. గోడకవతల ఈయన దగ్గుతె వినవడుతదట. గంతవరకు నయమే."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.


నమోదు 10

వంశీని అడిగాను. నిలబడే అడిగాను. కూర్చుంటే అడగలేనని తెలుసు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

అదే అతని మొదటి మాట. అబద్ధమనలేదు. "ఆ చెప్పులావిడా? అందుకే చెప్పాను ఆ గిన్నెలూ, ముక్కలూ పెట్టుకోవద్దని."

"ఎప్పుడు చెప్పావు అద్దానికి?"

మంచం మీద కూర్చుని దుప్పటి అంచు సర్దాడు. "సెలవు రోజు."

గాజు తోటకు ఆలస్యంగా వచ్చిన రోజు. అద్దం ముందు నిలబడి నా తరఫున సరే అని చెప్పి, అక్కణ్ణుంచి నేరుగా వచ్చి, నా భుజం మీద తల వాల్చాడు. ఇల్లు ఉంటే ఎలా ఉంటుందని అడిగాడు. బాగుంటుందని నాచేత అనిపించాడు.

"నువ్వు కూడా బాగుంటుందన్నావు కదా," అన్నాడు ఇప్పుడు.

"ఆర్డరని ఎందుకు చెప్పావు?"

"అడిగితే నువ్వు భయపడతావు. నాలుగు రోజులు మాట్లాడవు. నీ సంగతి నాకు తెలియదా? మనకోసమే కదా చేసింది. ఏడేళ్ళు ఎదురుచూడక్కర్లేదు. ఇల్లు మనది. నాకు పెద్ద ఉద్యోగం. కొన్నాళ్ళు ఓర్చుకుంటే..."

"ఎన్నాళ్ళు?"

నా దగ్గరికి వచ్చి, మెత్తగా, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు అన్నాడు. "నిజం చెప్పు హైమా. నువ్వు మాట్లాడే మనిషివి కావు. నేను ఇంట్లో ఉన్నా పుస్తకం పట్టుకునే కూర్చుంటావు. నేనున్నా లేకపోయినా నీకంత తేడా ఏముంది?"

నువ్వు ఉన్నావనే ధీమాతో పుస్తకం చదువుకునేదాన్ని అనాలనుకున్నాను. అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

"మరి ఏడ్చావు కదా ఆ రోజు," అన్నాను.

"ఏడుపు నిజమే," అన్నాడు. "నాకు మాత్రం బాధ ఉండదా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. అతను నిజంగానే ఏడ్చాడు. నేను నిజంగానే ఓదార్చాను. నాకు చేసిన దానికి నాచేతే ఓదార్పించుకున్నాడు. ఉన్న కాస్త చింతపండూ అయిపోయింది.


నమోదు 11

కాన్వెంటులో పొద్దున ప్రార్థన అయ్యాక వంతులవారీగా ఒకళ్ళు ముందుకొచ్చి చదవాలి. నా వంతు వచ్చినప్పుడు పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. పిల్లలు నవ్వేవారు. సిస్టర్ ఫిలోమినా ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "హాలంతటికీ చెప్పకమ్మా. ఒక్క మనిషిని చూసుకో. ఆ మనిషికి చెప్పు," అంది. ఆ తర్వాత కూడా నాకు పెద్దగా గొంతు రాలేదు. కానీ ఆ మాట మర్చిపోలేదు.

ఈ రోజు పని నుంచి నేరుగా కౌంటర్‌కి వెళ్ళాను. వరుసలో నిలబడ్డాను. నా ముందున్న ముసలాయన ఒక కుక్క ఫొటోను అద్దానికి చూపిస్తూ, తెచ్చుకోనివ్వమని కాబోలు, బతిమాలుతున్నాడు. లేదన్నట్టుంది, ఫొటో జేబులో పెట్టుకున్నాడు. నా వంతు వచ్చింది.

"నా మాట నాకు కావాలి," అన్నాను.

"వినపడలేదు. మళ్ళీ చెప్పండి," అంది అద్దం.

వెనక ఎవరో నిట్టూర్చారు. వెళ్ళిపోదామనుకున్నాను. అద్దంలో నేనే కనిపిస్తున్నాను, ఊలు టోపీ, ఎర్రబడ్డ ముక్కు. ఆమెకు చెప్పాను.

"నా మాట నాకు తిరిగి కావాలి."

"ఎవరి దగ్గరుంది?"

"నా భర్త దగ్గర. వంశీధర్."

"ఆయన మీ తరఫున చెప్పినవి వినిపించమంటారా?"

వినిపించమన్నాను. అతని గొంతుతోనే వినిపించింది. హైమకు ఇంటి వేడి ఇంత చాలు. హైమకు ఊళ్ళో సభ్యత్వాలేవీ అక్కర్లేదు, ఆమె ఎవరితోనూ కలవదు. హైమకు మొదటి పూట సరిపోతుంది, ఆమె ఒక్కతే ఉండగలదు, ఆమెకు అభ్యంతరం లేదు. ఆ చివరిది చెప్పేటప్పుడు అతని గొంతులో తడబాటు ఏమీ లేదు. నేను వెతికాను.

"వీటిలో ఏవి ఉంచమంటారు?"

"ఏవీ వద్దు."

"అయితే వారధి రద్దవుతుంది. రెండో పూట వాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటారు. మీరు మొదటి పూటలో ఉంటారు. కానీ ఆయన తన గురించి తాను చెప్పుకున్న మాట అలాగే ఉంటుంది. రెండో పూటకు మారతానన్నారు, కాబట్టి పొడుగు గదికి వెళ్ళాలి. ఆ మాట ఆయనది. దాన్ని మీరు తీసెయ్యలేరు."

"ఆయన తీసెయ్యవచ్చా?"

"తీసెయ్యవచ్చు. సూపర్వైజర్ పని వదులుకోవాలి."

సరే అన్నాను. అద్దం ఇంకో ప్రశ్న అడిగింది. దానికి తర్వాత వచ్చి చెబుతానన్నాను.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చున్నాను. ముసలాయన కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన భాష నాకు రాదు. జేబులోంచి కుక్క ఫొటో తీసి చూపించాడు. చెవులు పొడుగ్గా ఉన్నాయి. చాలా బాగుంది కుక్క.


నమోదు 12

వంశీకి అప్పటికే కబురు వెళ్ళింది. నేను వచ్చేసరికి బీరువా తెరిచి, తన చొక్కాలు తీస్తూ ఉన్నాడు.

"కౌంటర్ దగ్గర నిజంగా నువ్వే మాట్లాడావా?"

"నేనే."

"గొంతు వచ్చిందా?"

"రెండోసారికి వచ్చింది."

ఒక్క క్షణం అతని ముఖంలో పాత నవ్వు కనిపించింది, నన్ను చూసి ముచ్చటపడే నవ్వు. వెంటనే పోయింది. "నన్ను పొడుగు గదిలో పడేస్తావనుకోలేదు. ఇంత చేస్తావనుకోలేదు హైమా. నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

నేను అతని వంక చూశాను. తను అన్నది తనకే వినపడినట్టుంది. చొక్కా మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడైనా వెళ్ళి నీ మాట వెనక్కి తీసుకోవచ్చట," అన్నాను. "మొదటి పూటలోనే ఉండవచ్చట."

"మరి సూపర్వైజర్ పని?"

"అది ఉండదట."

మడత పెడుతూనే ఉన్నాడు. నేను ఎదురుచూశాను. ఒక చొక్కా అయింది. ఇంకోటి తీశాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ ఎదురుచూడటం ఆపేసి వంటగదిలోకి వెళ్ళి బియ్యం, మినప్పప్పు నానబోశాను.

గంట మోగే ముందు సంచి భుజాన వేసుకుని గడప దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. తాళ్ళు కట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు. "అద్దం ఇంకేమైనా అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఆలోచించి, నేనే వచ్చి చెబుతానన్నాను."

అతని చేతులు ఆగాయి. ఏ ప్రశ్నో అతనికి తెలుసు. "హైమా," అన్నాడు. ఇంకేదో అనబోయాడు. ఎన్నేళ్ళుగానో వింటున్న గొంతు, నాకు తెలిసి మొదటిసారి దానికి మాట దొరకలేదు. లేచి, దిగే మెట్ల వైపు వెళ్ళాడు.

అతని ఇంటి చెప్పులు అరలోనే ఉన్నాయి. పక్కన నర్సక్కవి. గోడకు ఆనించి, రెండూ సమంగా. రుబ్బిన పిండి గిన్నె గొట్టం పక్కన పెట్టాను. మూత పెట్టాను. దాని మీద పళ్ళెం బోర్లించలేదు.

అద్దం అడిగింది ఇది: "మీ వెంట వచ్చిన మనిషిని వచ్చే ఏడాదికి కూడా ఉంచమంటారా?"

ఓర్వెన్ నుంచి పిలుపు వచ్చింది నాకు. పొట్లాల మీది రాత చదవడానికి. వంశీ నా వెంట వచ్చాడు.